ఒకే బల్ల మీద రెండు మీటర్లు

నేను ఒక కరెంటు మీటరును. తెల్లటి ప్లాస్టిక్ పెట్టె, దానికి చిన్న కిటికీ, కిటికీలో అంకెలు, అంకెల పక్కన ఆవగింజంత ఎర్ర దీపం. ఇంతే నా ఆకారం. ఇంట్లో కరెంటు వాడుతున్నంతసేపూ ఆ దీపం కొట్టుకుంటూ ఉంటుంది. ఫ్యాను ఒక్కటే తిరుగుతుంటే తీరిగ్గా కొట్టుకుంటుంది, ఇస్త్రీ పెట్టె పెడితే గబగబా కొట్టుకుంటుంది. నన్ను చేసిన ఫ్యాక్టరీలో నాతోపాటు నలభై మీటర్లను ఒక బల్ల మీద వరసగా పెట్టి రోజంతా పరీక్షించారు. పదకొండు మీటర్లు తప్పాయి. నేను నెగ్గాను. ఒకావిడ నాకు తీగతో సీలు వేసి, మీద నంబరు అంటించి, అట్టపెట్టెలో పెట్టింది. ఆ నంబరే నా పేరు. తర్వాత జరిగిన కథంతా ఆ నంబరు వల్లే జరిగింది.

కాలవ గట్టున ఉన్న ఒక చిన్న టౌనుకు నన్ను తెచ్చి, లైన్‌మన్ సూరిబాబు ఒక ఇంటి వసారాలో గోడకున్న చెక్క బల్లకు బిగించాడు. ఆ ఇల్లు రత్నావళి టీచరుగారిది. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. అంధ బాలికల పాఠశాలలో ముప్పై ఒక్కేళ్ళు వయొలిన్ నేర్పి రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో రెండు గదుల ఇల్లు, వీధి వైపు ఒక కొట్టుగది కట్టించుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు. ఒంటరిగా ఉండగలనని చెప్పి, ఉండి చూపించిన మనిషి.

"కొత్త మీటరండి, డిజిటల్ది," అన్నాడు సూరిబాబు.

ఆవిడ చెయ్యి చాచి నన్ను తడిమి చూశారు. "ఇది అసలు చప్పుడే చెయ్యదా? పాతది సన్నగా గిర్రుమంటూ ఉండేది."

"ఇది మాటాడదండి. లెక్క మాత్రం చెబుతుంది."

వసారాలో ఉన్నాను కాబట్టి ఆ ఇంటికి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నాకు తెలుసు. వసారాలో మాట్లాడుకున్నవన్నీ విన్నాను. అంతకు మించి నాకు తెలిసింది లేదు.

పొద్దున్నే మరియమ్మ వచ్చేది. అప్పటికే ఆమె ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. వంట చేసేది, ఇల్లు తుడిచేది, బజారుకు టీచరుగారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. బీరువా తాళాలు ఆమె కొంగునే ఉండేవి. టీచరుగారివి నేత చీరలు. ఇస్త్రీ లేని చీర కట్టుకుంటే పిల్లలు గౌరవించరని ఆవిడ నమ్మకం. అందుకని వారానికి రెండుసార్లు మరియమ్మ అరగంటసేపు ఇస్త్రీ పెట్టె పెట్టేది. ఆ ఇంట్లో నాకు పనంటూ ఉన్నది అప్పుడే. సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలు వయొలిన్ పాఠానికి వస్తే లైట్లు వెలిగేవి. వాళ్ళు వెళ్ళగానే ఆరిపోయేవి. నెలకు నలభై యూనిట్లు దాటడమే గొప్ప.

నెలకోసారి ఇద్దరూ బిల్లు కట్టడానికి కౌంటరుకు వెళ్ళేవారు. క్యూలో గంట నిలబడి, తిరిగి వచ్చేటప్పుడు అరటిపళ్ళు కొనుక్కుని, దారంతా ఏదో చెప్పుకుంటూ నవ్వుకుంటూ గేటు తీసేవారు. కరెంటు బిల్లు కట్టి అంత సంతోషంగా ఇంటికొచ్చేవాళ్ళు మరెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు.

ఏడేళ్ళు అలా గడిచాక కొట్టుగదిలో కొండబాబు అద్దెకు దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, పెళ్ళాం పిల్లలున్నవాడు. పాలు, పెరుగు, కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు అమ్మేవాడు. వాయిదాల మీద మూడు పెద్ద ఫ్రిజ్‌లు తెచ్చాడు. అతని కోసం సూరిబాబు నా పక్కనే, అదే బల్ల మీద, ఇంకో మీటరు బిగించాడు. నాలాంటిదే. రంగు, ఆకారం, కంపెనీ అన్నీ ఒకటే. నంబర్లే వేరు. దాని ఎర్ర దీపం మాత్రం పగలూ రాత్రీ దడదడా కొట్టుకుంటూనే ఉండేది.

కొండబాబు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి. పొద్దున్నే పాల ప్యాకెట్టు తనే తెచ్చి టీచరుగారి చేతికిచ్చేవాడు. ఉత్తరాలొస్తే చదివి పెట్టేవాడు. అద్దె ఒకటో తారీకు దాటనిచ్చేవాడు కాదు. "నీ ఫ్రిజ్‌లు మూడూ కలిసి అపశ్రుతి పలుకుతున్నాయి కొండబాబూ, నా పిల్లల చెవులు పాడవుతాయి," అని టీచరుగారంటే, "రిపేరువాడిని కాదండి, పాటల మేస్టార్ని పిలిపిస్తానండి," అని నవ్వేవాడు.

అతను వచ్చిన రెండేళ్ళకు కరెంటు కంపెనీలో మార్పులొచ్చాయి. ఊళ్ళో కౌంటరు ఎత్తేశారు. ఇకనుంచి బిల్లు సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలోంచే తీసుకుంటారట. దాన్ని ఆటో డెబిట్ అంటారట. ఆలస్యం ఉండదు, క్యూలు ఉండవు, పెద్దవాళ్ళకు ఎంతో సౌకర్యమని కాగితాలు పంచారు. టీచరుగారి ఫోను తీసుకుని కొండబాబే వసారాలో కూర్చుని ఆ పని పూర్తి చేశాడు.

"ఇంక మీకు తిరుగుడు లేదండి. ఇరవయ్యో తారీకున దానంతటదే కట్టయిపోద్ది."

"మా అరటిపళ్ళు పోయాయి మరియమ్మా," అన్నారు టీచరుగారు.

ఆ రోజుల్లోనే పాత లెక్కలన్నీ కొత్త కంప్యూటర్లలోకి ఎక్కించారు. ఎవరి వేలు ఎక్కడ జారిందో నాకు తెలియదు. ఒకే ఇంటి నంబరు మీద, ఒకే బల్ల మీద ఉన్న మా ఇద్దరి వరసలూ తారుమారయ్యాయి. నా నంబరు వెళ్ళి కొండబాబు పేరు పక్కన కూర్చుంది. ఫ్రిజ్‌ల మీటరు నంబరు రత్నావళి టీచరుగారి పేరు పక్కన చేరింది.

ఇరవయ్యో తారీకున టీచరుగారి ఫోను గట్టిగా చదివింది. చూపు లేనివాళ్ళ ఫోన్లు అన్నీ పైకే చదువుతాయి. ఖాతాలోంచి నాలుగువేల ఎనిమిది వందల అరవై రూపాయలు తీసుకున్నారని చెప్పింది. ఆవిడ మళ్ళీ చదివించుకున్నారు. తర్వాత వసారాలోకొచ్చి గోడవతలికి కేకేశారు.

"కొండబాబూ, నాకు నాలుగువేల పైన వచ్చిందయ్యా. నీకెంతొచ్చింది?"

బిల్లు కాగితం కొట్టులో సీసాల వెనక ఉందని కొండబాబు చెప్పాడు. "ఇంకా చూళ్ళేదండి," అన్నాడు. అది నిజమే. అప్పటికి చూడలేదు.

ఆవిడ కంపెనీ నంబరుకు ఫోను చేశారు. వసారా కుర్చీలో కూర్చుని, స్పీకరు పెట్టి. మొదట పాట వచ్చింది. తర్వాత, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని ఒక గొంతు చెప్పింది. అది చెప్పడం ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ తర్వాత ఒక అమ్మాయి పలికింది.

"మేడం, మీ వాడకం ప్రకారమే బిల్లు వచ్చింది. అయిదు వందల తొంభై యూనిట్లు వాడారు."

"అమ్మా, నాకు కళ్ళు లేవు. మా ఇంట్లో ఒక ఫ్యాను, ఒక మిక్సీ, ఇస్త్రీ పెట్టె ఉన్నాయి. అయిదు వందల యూనిట్లు నేను ఎలా వాడతాను?"

అవతల మీటలు టకటకా నొక్కిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ అమ్మాయి జాలిగా అంది. "లైట్లు వేసి మర్చిపోతున్నారేమో మేడం. మీకు కనపడదు కదా."

టీచరుగారు కాల్ కట్ చేశారు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మరుసటి రోజు ఆ ఫోనే చదివింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.

లైట్ల గురించి ఆ అమ్మాయి అన్న మాట ఆవిడ మనసులో ఎక్కడో నాటుకుంది. ఆ వారం నుంచి ఇంట్లో స్విచ్చులన్నీ తడుముకోవడం మొదలుపెట్టారు. వసారా లైటు స్విచ్చు నా కిందే ఉంది కనుక నాకు తెలుసు. పడుకోబోయే ముందు వచ్చి దాన్ని నొక్కి చూసేవారు. వెళ్ళేవారు. మళ్ళీ వచ్చేవారు. బల్బు దగ్గరికి చెయ్యి ఎత్తి, వేడి తగులుతోందేమో చూసేవారు. చల్లగానే ఉండేది.

రెండో నెల బిల్లులొచ్చిన రోజు మధ్యాహ్నం, టీచరుగారు లోపల కునుకు తీస్తుండగా కొండబాబు వసారాలోకొచ్చాడు. రెండు చేతుల్లో రెండు కాగితాలు. తన పేరు మీద వచ్చిన బిల్లు నూట డెబ్బై రూపాయలు. టీచరుగారి పేరు మీద వచ్చింది అయిదువేల రెండు వందలు. మా ఇద్దరి ముందూ నిలబడి, కాగితంలో నంబరు చూసి నన్ను చూశాడు. రెండో కాగితం చూసి పక్కదాన్ని చూశాడు. అతని పెదాలు కదిలాయి. మొదట నవ్వు వచ్చింది, అది ఎక్కువసేపు నిలవలేదు. వీధి వైపు తిరిగి చూసి, కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ నెల అతను ఫ్రిజ్‌ల వాయిదా రెండోసారి తప్పి ఉన్నాడు. కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సి ఉంది. వచ్చే నెల చెబుదామనుకున్నాడేమో. చాలామంది మంచివాళ్ళు తప్పును అలాగే మొదలుపెడతారు. ఆ నెల నుంచి టీచరుగారికి పెరుగు ప్యాకెట్టుకు డబ్బులు తీసుకోవడం మానేశాడు.

నాలుగో నెలలో టీచరుగారు మరియమ్మను వెంటబెట్టుకుని కరెంటాఫీసుకు వెళ్ళారు. పొద్దున వెళ్ళినవాళ్ళు ఎండ నడినెత్తికొచ్చాక తిరిగొచ్చారు. మరియమ్మ గేటు తోస్తూనే మొదలుపెట్టింది.

"మూడు బల్లల కాడికి తిప్పారండీ. ఒకాయనేమో ఫోన్లో పెట్టుకోమంటాడు, ఇంకొకాయన ఫోనువాళ్ళు మాకు తెలీదంటాడు. కళ్ళు లేని మనిషి నిలబడుందే, కుర్చీ ఇద్దామని ఒక్కడికీ లేదు."

టీచరుగారు కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పారు. నీళ్ళు తాగి, మరియమ్మ లోపలికి వెళ్ళాక, గోడ దగ్గరికొచ్చి నెమ్మదిగా పిలిచారు.

"కొండబాబూ, ఒకసారి రా."

అతను వచ్చాడు. ఆవిడ గొంతు తగ్గించి అడిగారు.

"ఆఫీసులో ఒకాయన అన్నాడు. ఇంట్లో మీకు తెలియకుండా ఎవరైనా వాడుకుంటున్నారేమో చూసుకోండి, పనివాళ్ళని నమ్మకండి అని. నాకు కోపం వచ్చింది. కానీ లెక్క చూస్తే... నువ్వు రోజంతా ఇక్కడే ఉంటావు. నీకేమైనా కనిపించిందా?"

ఇక్కడ కొండబాబు నిజం చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచాడు కూడా. నా ఎర్ర దీపం అతని కళ్ళ ముందే తీరిగ్గా కొట్టుకుంటోంది, పక్కదాని దీపం పరుగులు పెడుతోంది. రెంటినీ చూస్తూనే అన్నాడు.

"ఏమోనండి. మరియమ్మ ఆ ఇస్త్రీ పెట్టె... మీరు పాఠాలు చెప్పేటప్పుడు... నేనైతే చూళ్ళేదండి. చూడకుండా చెప్పకూడదు గదండి."

మాట సగంలో ఆపి కొట్టులోకి వెళ్ళిపోయాడు. సగం మాటే అయినా అది చెయ్యవలసిన పని చేసింది.

ఇంకో రెండు నెలలు టీచరుగారు ఆ మాటను లోపలే మోశారు. ఏడో నెలలో ఖాతాలోంచి ఆరువేలు పోయిన రోజు, మరియమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే అడిగారు.

"మరియమ్మా, నేను పాఠం చెప్పేటప్పుడు వెనక గదిలో బయటివాళ్ళ బట్టలేమైనా ఇస్త్రీ చేస్తున్నావా? చేస్తే తప్పని కాదు. నాకొక మాట చెప్పి..."

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. మరియమ్మ చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ చూపు ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. తర్వాత లేచి, వలిచిన గింజలు గిన్నెలో పోసి, తొక్కలు చేటలోకి ఎత్తి, చేతులు కడుక్కొచ్చింది. కొంగున ఉన్న తాళాలు విప్పి ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"కూరకి పోపు పెట్టుకోండి. ఉప్పు వెయ్యలేదు," అని వెళ్ళిపోయింది.

ఆమె పిలుపుకు తిరిగొస్తుందని టీచరుగారు అనుకున్నారు. రెండు రోజులు అహం అడ్డొచ్చి కబురు పెట్టలేదు. మూడో రోజు పెట్టారు. మరియమ్మ ఊరికి అటు చివర ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరిందని జవాబొచ్చింది.

ఇస్త్రీ ఆగిపోయింది. ఆ నెల నా అంకె ఇరవై ఆరు యూనిట్లే కదిలింది. బిల్లు మాత్రం ఆరువేల నాలుగు వందలు వచ్చింది. అది విన్న రోజు టీచరుగారు వసారా కుర్చీలో కూర్చుని, చేతిలో ఫోను పట్టుకుని, పైకే అన్నారు.

"అయితే మరియమ్మ కాదు."

ఇంకేం చెయ్యాలో తెలియక ఆఫీసుకు అర్జీ రాయించి పంపారు. మీటరు పరీక్షకు రుసుము కట్టాలని, వరస ప్రకారం మనిషి వస్తాడని జవాబొచ్చింది. రుసుము కట్టారు. మనిషి రాలేదు. ఈలోగా కంపెనీ ఆటో డెబిట్ తేదీ మార్చింది. ఇరవయ్యో తారీకుకు బదులు నెలాఖరుకు ముందు రోజు. ఆ సంగతి ఇంగ్లీషులో మెసేజీ పెట్టారు. టీచరుగారి ఫోను తెలుగు గొంతుతో ఆ ఇంగ్లీషును ముక్కలు ముక్కలుగా చదివింది, ఆవిడకు అర్థం కాలేదు. ఆవిడ పెన్షను పడేది ఒకటో తారీకున. నెలాఖరుకు ఖాతాలో మందుల డబ్బులు తప్ప ఉండేవి కావు. డెబిట్ వెనక్కి పోయింది. బ్యాంకు జరిమానా వేసింది, కంపెనీ ఇంకో జరిమానా వేసింది. మరుసటి నెలా అంతే. పదకొండో నెలలో, బిల్లు కట్టని కారణంగా కనెక్షను తొలగిస్తామని నోటీసు వచ్చింది. దాన్ని చదివి వినిపించింది కొండబాబే. చదివాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"నేను ఇస్తానండి ఈ నెలకి," అన్నాడు.

"నువ్వెందుకిస్తావయ్యా. నీ కష్టాలు నీకున్నాయి," అన్నారావిడ.

ఆ మంగళవారం ఎండ బాగా కాస్తోంది. సూరిబాబు సైకిలు దిగి, చేతిలో జాబితాతో వసారా మెట్లెక్కాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"టీచరుగారూ, నామీద కోపం పెట్టుకోకండి. పైనుంచి ఆర్డరొచ్చింది. మీ ఫ్యూజు తీసెయ్యాలండి."

"నీ పని నువ్వు చెయ్యి సూరిబాబూ," అని ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. లోపల ఫ్యాను తిరుగుతోంది.

ఒకే బల్ల మీద రెండు మీటర్లు. ఏది ఎవరిదో చెప్పేది నంబరొక్కటే. సూరిబాబు జాబితాలో టీచరుగారి పేరు ఎదురుగా ఉన్న నంబరును వేలితో పట్టుకుని, నా మీద నంబరు చదివాడు, పక్కదాని నంబరు చదివాడు. జాబితాలో ఉన్నది పక్కదాని నంబరు. దాని కింద ఫ్యూజు పట్టుకుని పీకేశాడు.

గోడవతల మూడు ఫ్రిజ్‌లు ఒక్కసారి గుడగుడలాడి ఆగిపోయాయి.

మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, లోపలి గదిలో ఫ్యాను రెక్కల చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. టీచరుగారు తల కొద్దిగా పక్కకు వంచి, రెండు వైపులా విన్నారు. వయొలిన్ తీగ సరిచేసేటప్పుడు అలాగే వంచేవారు.

"ఏయ్, ఎవడ్రా నా కరెంటు తీసింది? ఐస్‌క్రీములు..." అని అరుస్తూ కొండబాబు వసారాలోకి ఉరికి వచ్చాడు. సూరిబాబు చేతిలో ఫ్యూజును చూశాడు. టీచరుగారిని చూశాడు. 

"కొండబాబూ," అన్నారావిడ, "నా ఫ్యాను తిరుగుతోంది."

 సూరిబాబు జాబితాను మళ్ళీ చూసుకుని, "ఓరి దేవుడా, నంబర్లు తారుమారయ్యాయండి," అని బల్ల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగారు టీచరుగారు. సూరిబాబును కాదు.

కొండబాబు మెట్టు మీద కూలబడ్డాడు. "రెండో నెల్లోనేనండి."

"మరియమ్మ సంగతి నిన్నడిగినప్పుడు?"

"అప్పటికి తెలుసండి."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. కుర్చీ చేతుల మీద వేళ్ళు బిగించి, కాసేపటికి వదిలేశారు. "ఫ్యూజు పెట్టెయ్యి సూరిబాబూ. లోపల పాలు విరిగిపోతాయి," అన్నారు.

ఆ తర్వాత కంపెనీ ఎంత వేగంగా పనిచేయగలదో చూశాను. పదిహేను రోజుల్లో తప్పు ఒప్పుకుంటూ కాగితం వచ్చింది. ఆవిడ దగ్గర అదనంగా తీసుకున్నది నలభై ఆరువేల చిల్లర అని లెక్క తేలింది. కానీ సొమ్ము వెనక్కి ఇవ్వరట. రాబోయే బిల్లుల్లో సర్దుబాటు చేస్తారట. ఆ కాగితం చదివింది సూరిబాబు. టీచరుగారు వేళ్ళ మీద లెక్క వేశారు.

"నాకు నెలకు నూట ఎనభై వస్తుంది. ఇరవై ఒక్కేళ్ళు పడుతుంది సూరిబాబూ. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది."

ఆవిడ నవ్వారు. ఆ నవ్వు వినలేక సూరిబాబు సైకిలు గంటను అక్కర్లేకుండా మోగించుకుంటూ వెళ్ళిపోయాడు.

కొండబాబు నుంచి రావలసిన బాకీ మొత్తాన్ని మాత్రం కంపెనీ ఒకేసారి కట్టమంది. ఏడు రోజుల గడువు ఇచ్చింది. అతను కట్టలేకపోయాడు. ఈసారి సరైన నంబరు చూసి సరైన ఫ్యూజే తీశారు. ఫైనాన్సువాళ్ళు వచ్చి మూడు ఫ్రిజ్‌లనూ ట్రాలీ ఎక్కించుకుపోయారు. కొట్టు ఖాళీ చేసే రోజు అతను టీచరుగారి కాళ్ళు పట్టుకోబోయాడు. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"నా డబ్బు తిన్నందుకు కాదు కొండబాబూ. ఆ సగం మాట ఎందుకన్నావు?"

అతను కొట్టు తాళాలు ఆవిడ కుర్చీ చేతి మీద పెట్టి మెట్లు దిగాడు.

మరియమ్మ కోసం టీచరుగారు ఆటో కట్టించుకుని రెండుసార్లు వెళ్ళారు. రెండుసార్లూ ఆమె హాస్టల్లో పనిలో ఉందన్నారు. చివరకు ఒక ఆదివారం, చర్చి నుంచి ఇంటికి పోతూ మరియమ్మే గేటు తీసింది. తెల్ల చీర కట్టుకుంది. చేతిలో బైబిలు సంచి ఉంది.

"కూర్చో మరియమ్మా."

"కూర్చోనండి. పిల్లలకి మధ్యాహ్నం వంట ఉంది."

"తప్పు నాది."

"మీది కాదని ఊరంతా చెప్పుకుంటన్నారు గదండి. కంప్యూటర్దంట."

"కంప్యూటరు నిన్ను అడగలేదు. నేనడిగాను."

మరియమ్మ వసారా స్తంభానికి ఆనుకుని నిలబడింది. 

"పంతొమ్మిదేళ్ళండి. మీకు చూపు లేదన్న సంగతి ఈ ఇంట్లో నాకు గుర్తే ఉండేది కాదు. మీరు నన్ను నడిపించారో, నేను మిమ్మల్ని నడిపించానో తెలిసేది కాదు. ఆ రోజు అడిగారు చూడండి, అప్పుడు గుర్తొచ్చింది. ఈవిడకి కనపడదు, రేపు ఏం పోయినా నన్నే అడుగుద్ది అని. ఆ భయం పట్టుకున్నాక ఇంక పని చెయ్యలేమండి, ఏ ఇంట్లోనైనా."

"మళ్ళీ రావా?"

"మాటిచ్చానండి అక్కడ. అరవై మంది పిల్లలు."

టీచరుగారు తల ఊపారు. మరియమ్మ రెండడుగులు వేసి ఆగింది.

"చీరలు ఎవరు ఇస్త్రీ చేస్తన్నారు?"

"ఎవరూ లేరు. నలిగినవే కట్టుకుంటున్నాను."

మరియమ్మ వెనక్కి వచ్చింది. ఆవిడ భుజం మీద చెంగు నలిగి ముడతలు పడి ఉంది. దాన్ని అరచేత్తో మూడు నాలుగుసార్లు గట్టిగా సాపు చేసింది. ముడతలు పోలేదు. గేటు వేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పిల్లలొస్తే టీచరుగారు ఒంట్లో బాగాలేదని పంపేశారు.

మరి రెండు నెలలకు, అలాంటి పొరపాటు మళ్ళీ జరక్కుండా ఉండేందుకని, ఆ వీధిలో మీటర్లన్నీ మార్చేశారు. ముందే డబ్బు కట్టుకుని వాడుకునే కొత్త రకం వచ్చింది. సూరిబాబు నన్ను బల్ల నుంచి విప్పే ముందు ఒక కాగితం ఇచ్చాడు.

"చివరి రీడింగు స్వయంగా చూసుకున్నానని సంతకం పెట్టాలండి," అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"చదువు. వింటాను."

"నాలుగువేల ఆరు వందల తొంభై రెండండి."

"పదేళ్ళలో నేను వాడింది ఇంతేనా?"

"ఇంతేనండి. ఇదెప్పుడూ తప్పు చూపించలేదు. ఒక్కరైనా వచ్చి దీన్ని చూసుంటే సరిపోయేది."

ఆవిడ చెయ్యి చాచి నా కిటికీ మీద వేళ్ళు పెట్టారు. "పాపం, దీన్ని కూడా అనుమానించాను," అని, సూరిబాబు చూపించిన చోట సంతకం పెట్టారు.

ఇప్పుడు కరెంటాఫీసు వెనక స్టోరు గదిలో ఉన్నాను. నాలాంటివి మూడు వందలకు పైగా ఇక్కడ గుట్టగా పడి ఉన్నాయి. పక్క మీటరూ వీటిలో ఎక్కడో ఉండాలి. కొన్ని పాడైనవి, చాలావరకు బాగా పనిచేసేవే. మమ్మల్ని కిలోల లెక్కన వేలం వేస్తారట.

నిన్న సూరిబాబు ఇంకో గోనెసంచి మీటర్లు తెచ్చి దించాడు. అలసిపోయి స్టోరుకీపరు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మాటల్లో ఆ ఇంటి కబురు వచ్చింది. కొండబాబు ఇప్పుడు ఒక ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడట. ఎవరూ అడక్కపోయినా నెలకు అయిదు వందలు సూరిబాబు చేతికిచ్చి టీచరుగారికి పంపుతున్నాడట. ఆవిడ ఆ నోటును తడిమి చూసి, "ఇది నాది కాదు, మరియమ్మకివ్వు," అంటున్నారట. మరియమ్మేమో, "నేను చెయ్యని పనికి నాకెందుకు, ఇచ్చినోడికే ఇచ్చెయ్యి," అంటోందట. కొండబాబు వెనక్కి తీసుకోవడం లేదు.

"నాలుగు నెలలయింది గురూ. మొత్తం రెండు వేలు. ముగ్గురూ ముట్టుకోరు," అన్నాడు సూరిబాబు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీసి, ఎవరికివ్వాలో తోచనట్టు కాసేపు చూశాడు. మళ్ళీ జేబులోనే పెట్టుకుని, ఖాళీ గోనెసంచి దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

స్టోరుకీపరు లేచి తలుపు వేశాడు. వేలం పద్నాలుగో తారీకునట.